కూలని కప్పు

నేను సూరత్‌లో ప్రభుత్వ భవనాల బాగోగులు చూసే సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. మా నాన్న కాజీపేట నుంచి రైల్వే ఉద్యోగం మీద సూరత్‌లోని ఉధ్నాకి వచ్చాడు. నేను ఇక్కడే పుట్టి, గుజరాతీ మీడియంలో చదువుకున్నాను. తెలుగు ఇంట్లో మాట్లాడుకోవటానికీ, అమ్మ తెప్పించుకునే వారపత్రికలు చదవటానికీ పనికొచ్చింది. ఇప్పుడు ఇది రాయటానికి పనికొస్తోంది.

మరమగ్గాల మీద పనిచేసే మన తెలుగు కుటుంబాల పిల్లలు ఈమధ్య ఇంజనీరింగ్ పూర్తిచేసి ఈ ఉద్యోగంలోకి వస్తున్నారు. వాళ్లలో కొందరు ఇంటికొచ్చి, "ఆంటీ, అసలు అక్కడ పనేముంటుంది?" అని అడుగుతుంటారు. నాకు ఎప్పుడు ఏ పదవి వచ్చిందో వాళ్లకు అక్కర్లేదు. టెండర్లు ఎలా పిలవాలో ఆఫీసులో ఎవరైనా నేర్పుతారు. అందుకే అవి వదిలేసి, కరోనా మొదటి ఏడాదిలో నేను ఎక్కిన ఒక కప్పు సంగతి చెబుతాను. పని అంటే ఏమిటో నాకు అందరికంటే ఎక్కువ చెప్పింది అదే.

కప్పు ఖాళీగా ఉండదు

సోలార్ అనగానే బయటివాళ్లకు ఎండ గుర్తొస్తుంది. మాకు కప్పు గుర్తొస్తుంది. సూరత్‌లో ఎండ అన్ని పేటల మీదా ఒకేలా కాస్తుంది. కప్పులే దేని తీరు దానిది.

డ్రాయింగులో ప్రభుత్వ భవనం కప్పు ఖాళీ జాగా. ఎక్కి చూస్తే విరిగిన బెంచీలు, పగిలిన నీళ్ల ట్యాంకు, వాచ్‌మన్ ఆరేసుకున్న బట్టలు, ఎవరో ఎండబోసిన మిరపకాయలు. ఉత్తరాయణం నాడు, అంటే మన సంక్రాంతికి, పతంగులు ఎగరేసేవాళ్లతో కాలు పెట్టే చోటుండదు. తాపీ నదికి వరద వచ్చిన ఏడు కొన్ని పేటల జనం ప్రాణాలు దక్కించుకున్నది ఈ కప్పుల మీదే. అద్దకం మిల్లులుండే పాండేసరా వైపు భవనాలకైతే చిమ్నీల మసి ఉంటుంది. ప్యానెళ్లు పెట్టిన కొద్ది రోజులకే నల్లటి పొర కమ్ముతుంది. కడగటానికి నీళ్లు కావాలి, నీళ్లకు పంపు కావాలి, పంపు వేయటానికి మనిషి కావాలి. ఆ మనిషి గురించి రాసిన ప్రతిపాదన నేను ఒక్కటీ చూడలేదు.

ఇంకో సంగతి. బ్యాటరీలు లేని సోలార్, లైనులో కరెంటు పోతే తానూ ఆగిపోతుంది. ఆగిన లైనులోకి సోలార్ కరెంటు పారితే తీగ మీద పనిచేసే లైన్‌మన్ ప్రాణం పోతుంది, అందుకే అలా ఏర్పాటు చేస్తారు. ఒక ఆఫీసులో ప్రారంభోత్సవం జరుగుతుండగానే కరెంటు పోయింది. వేదిక మీది పెద్దమనిషి, "సోలార్ పెట్టాం కదా, ఫ్యానెందుకు ఆగింది?" అంటూ నా వైపు చూశారు. చెమటలు కారుతున్న మనిషికి లైన్‌మన్ ప్రాణం గురించి ఎంత చెప్పినా చెవికెక్కదు. ఇలాంటివి రిబ్బను కత్తిరించక ముందే చెప్పి ఉంచాలి.

దేశాయి సాహెబ్

నా పై అధికారుల్లో చాలామంది పేర్లు మరిచిపోయాను. దేశాయి సాహెబ్‌ను మరిచిపోలేదు. సన్నటి మనిషి, టీ సాసర్లో పోసుకుని తాగేవారు. సూరతీ మనిషికి తిట్టు లేకుండా వాక్యం పూర్తికాదని గుజరాత్ అంతా నవ్వుతుంది. ఆయన వాక్యాలు మాత్రం తిట్టు లేకుండానే పూర్తయ్యేవి. నన్ను 'భారతీబెన్' అని, అక్కచెల్లెళ్లను పిలిచినట్టు పిలిచేవారు.

ప్రభుత్వ భవనాల మీద సోలార్ పెట్టించాలని ఆయనకు చాలా ఏళ్లుగా కోరిక. అడిగిన ప్రతిసారీ పైనుంచి ఏదో ఒక అడ్డు వచ్చేది. ఆయన రిటైర్‌మెంట్ దగ్గరపడుతుండగా, సరిగ్గా కరోనా వచ్చిన ఏడు, ఒక సంస్థ నగరాలకు గ్రాంటు ప్రకటించింది. భవనాలన్నిటి మీదా కలిపి తయారయ్యే కరెంటు ఇంత ఉండాలని ఒక షరతు. కార్మికులు ఉండే పేటలో కనీసం ఒక భవనం ఉండాలని ఇంకోటి. ప్రయాణాలు లేవు కాబట్టి తనిఖీ వీడియోలో చేస్తామన్నారు.

దేశాయి సాహెబ్ భవనాల పేర్లు సిద్ధం చేశారు. అందులో కొత్తగా కట్టిన ఒక పెద్ద కమ్యూనిటీ హాలు ఆయనకు ముద్దుబిడ్డ. విశాలమైన కప్పు, చుట్టూ నీడ పడే మేడ ఒక్కటీ లేదు. దానికి తాళం వేయించి, తనిఖీ దాకా ఎవరినీ అడుగుపెట్టనివ్వలేదు. కార్మికుల పేట షరతు కోసం వడోద్ దగ్గర ఒక బడిని పెట్టారు. ఆ బడి లేకపోతే దరఖాస్తుకు అర్హతే లేదు.

బడి పైన

అప్పటికి కారఖానాలు మూతపడ్డాయి. మన తెలంగాణ మనుషులు, ఒడిశా వాళ్లు, యూపీ వాళ్లు, వెళ్లగలిగినవాళ్లు ఊళ్లకు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఒక్కో గదిలో ఏడెనిమిది మంది ఉంటున్నారు. అలాంటి గదిలో ఒకరికి జబ్బు చేస్తే విడిగా పడుకోబెట్టే మూల ఉండదు. అందుకని ఆ బడిని ఐసొలేషన్ కేంద్రం చేశారు. కింద ఆడవాళ్లు, పై అంతస్తులో మగవాళ్లు.

దరఖాస్తు తయారుచేసే కన్సల్టెంట్ పారేఖ్ ఆ బడిని ఉపగ్రహం ఫొటోలో చూసి, కప్పు అనుకూలంగా ఉందని రాశాడు. ఫొటోలో తెల్లగా మెరిసిపోతూ కనిపిస్తుంది మరి. నేను పీపీఈ కిట్టు తొడుక్కుని పైకెక్కాను. ఆ తెలుపంతా వాన నీరు ఇంకకుండా పరిచిన పింగాణీ పెంకులది. నీళ్లు పోయే గొట్టం దగ్గర ఒక అంచు లేచి ఉంటే ఉలి పెట్టి లేపాను. కింద ఇటుక ముక్కలు, సున్నం. దాని కింద మళ్లీ పెంకులు. దాని కింద మళ్లీ ఇటుక ముక్కలు. కప్పు కారిందని ఫిర్యాదు వచ్చిన ప్రతిసారీ, పాత పొర తీయకుండా దాని మీదే కొత్త పొర వేయించారు. సోలార్ ప్యానెళ్లు దానిముందు ఒక బరువా? ఆ కప్పు ఏళ్ల తరబడి తన మరమ్మతులనే మోస్తోంది.

పై అంతస్తు గదుల్లోకి దిగి, కర్రకు సుత్తి కట్టుకుని పైకప్పును తట్టుకుంటూ వెళ్లాను. గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది. లోపల చువ్వలు తుప్పుపట్టి పొర విడిస్తే, ముగ్గిన పనసకాయను తట్టినట్టు బోలుగా పలుకుతుంది. వరసగా రెండు గదుల్లో అలాగే పలికింది. చువ్వలున్న దారంట గోధుమరంగు చారలు కూడా దిగాయి. వాటి కింద మంచాలు, మంచాల మీద మనుషులు.

కిటికీ పక్క మంచం మీది మనిషి నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని లేచి కూర్చున్నాడు.

"మనోళ్లేనా మేడం? పైన గట్ల కొడ్తున్నరు, ఏమైంది?"

"చూస్తున్న అన్నా, కప్పు ఎట్లున్నదో. నీ పేరేంది?"

"మల్లేశం. మాది సిరిసిల్ల. ఈడ బట్ట నేసే సాంచాలు నడుపుత."

ఇంకేదో అడగబోయి, కింది నుంచి కేక వినబడగానే కిటికీ దగ్గరికి వెళ్లాడు. సందులో ఒకావిడ కొంగు ముక్కుకు అడ్డం కట్టుకుని, తల పైకెత్తి నిలబడి ఉంది.

"తిన్నవా?"

"తిన్న. రొట్టెలే పెడ్తున్నరు. పోరగాండ్లు మంచిగున్నరా?"

"మంచిగున్నరు. దగ్గు తగ్గిందా?"

"జర తగ్గింది. నువ్వు ఇంటికి పో సుగుణా, ఎండల నిలవడకు."

ఆమె కదల్లేదు. ఇలా రోజూ వచ్చి నిలబడుతుందని అక్కడి నర్సు చెప్పింది.

రెండు ప్రశ్నలు

పారేఖ్‌కు ఫోన్లో విషయం చెప్పాను. అతను చెడ్డవాడు కాదు, తొందరలో ఉన్నవాడు. "మేడమ్, ప్యానెళ్లు బిగించటానికి ఇంకా చాలా టైముంది. ఈలోపు రిపేరు చేయించుకోవచ్చు. ప్రస్తుతానికి కప్పు తగినదే అని రాసేయండి," అన్నాడు. ఈ ఉద్యోగంలో మీరు అన్నిటికంటే ఎక్కువసార్లు వినబోయే మాట ఈ 'ప్రస్తుతానికి'. అది వినబడిన చోట ఆగి చూడటం అలవాటు చేసుకోండి.

దేశాయి సాహెబ్ దగ్గరికి వెళ్లాను. చెప్పినదంతా విన్నారు.

"ప్యానెళ్లు మోయలేదంటావు. సరే, అర్థమైంది. ఇప్పుడున్న మనుషుల మీద పడుతుందంటావా?"

"ఎప్పుడు పడుతుందో చెప్పలేను సాహెబ్. పడదని కూడా చెప్పలేను. వానలు మొదలైతే ఆ పొరలన్నీ నీళ్లు తాగుతాయి."

"కింద నుంచి జాకీలు పెట్టి నిలబెట్టలేమా?"

"జాకీలు పెట్టేవాళ్లు ఊళ్లకెళ్లిపోయారు. ఉన్నా, రోగుల మధ్యలోకి ఎవరొస్తారు?"

"మరి వాళ్లని ఎక్కడ పెడదాం?"

ఆయనకు జవాబు తెలుసు. నా నోటి నుంచే రావాలని చూస్తున్నారు.

"హాలులో," అన్నాను.

ఆయన టీ సాసర్లో పోసి, తాగకుండా పక్కన పెట్టారు. బడి పోతే దరఖాస్తు పోతుంది. హాలులో రోగులుంటే తనిఖీ జరగదు. ఒక్క నా సంతకంతో రెండూ పోతాయి. ఆయన మనసులో ఏం నడుస్తోందో నాకు తెలుసు. నాకూ అదే నడుస్తోంది.

అప్పుడు హాలు ప్లాను గుర్తొచ్చింది. "కప్పు మీదికి వెళ్లే మెట్లు హాలు వెనక, బయట ఉన్నాయి సాహెబ్. లోపలికి వెళ్లకుండానే పైకెక్కొచ్చు. తనిఖీకి నేను వెళతాను," అన్నాను.

ఆయన సాసర్లో చల్లారిపోయిన టీ తాగారు. "చూసింది చూసినట్టు రాయి బెన్. మిగతాది నేను చూసుకుంటా."

ఆ 'మిగతాది' అంటే ఏమిటో అప్పుడు ఇద్దరికీ పూర్తిగా తెలియదు.

హాలు గేటు

బడి ఖాళీ చేసే రోజు నేను అక్కడే ఉన్నాను. రోగులను బస్సులోకి ఎక్కిస్తుంటే సుగుణ గేటు దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"ఏంది మేడం గిది? మా ఆయనని ఏడికి తీస్కపోతున్నరు?"

హాలు ఉన్న చోటు చెప్పాను.

"గంత దూరమా! ఆటోలు లేవు, బస్సులు లేవు. నేనెట్ల వోవాలె? ఈడ మంచిగనే ఉన్నడు గద."

"కప్పు మంచిగ లేదు సుగుణా. మీద పడితే?"

"పడలేదు గద!"

"పడ్డంక ఏం జేస్తం?"

ఆమె నన్ను ఒకసారి చూసి ముఖం తిప్పుకుంది. బస్సు కిటికీ దగ్గరికి వెళ్లి, పోలీసు వెనక్కి పొమ్మనే దాకా మల్లేశంతో మాట్లాడుతూ నిలబడింది.

బస్సు హాలు చేరేసరికి అక్కడ వేరే గొడవ. చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల వాళ్లు గేటుకి అడ్డంగా బెంచీలు వేసుకుని నిలబడ్డారు. వాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేను. ఆ రోజుల్లో భయపడనివాళ్లు ఎవరు? నేను దేశాయి సాహెబ్‌కు ఫోన్ చేశాను. ఆయన స్కూటర్ మీద వచ్చారు. అందరి మాటా విన్నారు.

"మా ఇళ్లల్లో ముసలివాళ్లున్నారు సాహెబ్," అన్నాడు వాళ్ల తరఫున ఒకాయన.

"మా ఇంట్లోనూ ఉన్నారు. మా అమ్మకు జబ్బు చేస్తే ఇక్కడికే తెస్తా," అన్నారు దేశాయి సాహెబ్. "మీ ఇళ్లు అక్కడ, హాలు ఇక్కడ. మధ్యలో నేను కూర్చుంటా. గాలిలో వచ్చేదైతే మొదట నాకే తగలాలి."

వాచ్‌మన్ చేత ప్లాస్టిక్ కుర్చీ తెప్పించుకుని గేటు లోపలి వైపు కూర్చున్నారు. గొంతు పెంచలేదు, పోలీసును పిలవలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది. కాసేపటికి ఆ ముసలివాళ్లలోనే ఒకావిడ బాల్కనీ నుంచి, "దేశాయిభాయ్‌కి మంచినీళ్లయినా ఇవ్వండ్రా," అని అరిచింది. బెంచీలు ఒక్కొక్కటే పక్కకు జరిగాయి.

మన మాట వినే అధికారులు చాలామంది దొరుకుతారు. విన్నందువల్ల వచ్చే చిక్కును తన నెత్తిన వేసుకునేవాడు అరుదు. అలాంటివాడు దొరికితే, అతని దగ్గర పని కొంచెం కష్టమైనా బదిలీ అడక్కండి.

ఆ తరువాత

హాలు కట్టినప్పుడు రోడ్డు చప్పుడు వినబడకూడదని ఆ వైపు కిటికీలు పెట్టలేదు. గాలి కోసం పైన ఎత్తులో వెంటిలేటర్లు ఉన్నాయి. గాలికీ వెలుతురుకీ లోటు లేదు, డాక్టర్లు కూడా బాగుందన్నారు. కానీ బయట నిలబడ్డ మనిషి లోపలి మనిషికి కనబడటానికి దారి లేదు.

సుగుణ వడోద్ నుంచి నడిచి ఒకటి రెండుసార్లు వచ్చిందట. గేటు దగ్గర అన్నం గిన్నె ఇచ్చి, కాసేపు గోడవైపు చూసి వెళ్లిపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. కొద్ది రోజులకు మల్లేశానికి ఊపిరాడటం కష్టమైంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. తిరిగి రాలేదు. మనిషి ఎక్కడున్నా జబ్బు అలాగే ముదిరేదని డాక్టరు నాతో అన్నారు. ఆ మాట నేను నమ్ముతాను. సుగుణ అతన్ని చివరిసారి చూసింది ఆ బస్సు కిటికీలోనే.

గ్రాంటు విషయానికొస్తే, బడి స్థానంలో, సచిన్ అనే ఇంకో కార్మికుల పేట వైపు ఒక ఆరోగ్య కేంద్రాన్ని చేర్చాం. కప్పు చిన్నది కాబట్టి వచ్చిన గ్రాంటూ చిన్నదే. వీడియో తనిఖీ రోజు నేను ఫోన్ పట్టుకుని హాలు వెనక మెట్లు ఎక్కాను. అవతలి అధికారి కప్పంతా చూసి, "కింద హాలు ఖాళీగానే ఉందా?" అని అడిగాడు. "లేదు సార్, రోగులున్నారు," అన్నాను. అతను ఏదో రాసుకున్నాడు. తరువాత, "మాస్కు సరిగ్గా పెట్టుకోండి మేడమ్," అన్నాడు. ప్యానెళ్లు బిగించేనాటికి దేశాయి సాహెబ్ రిటైరయ్యారు. ప్రారంభోత్సవానికి ఆయన్ని పిలవటం ఎవరికీ గుర్తులేదు. నేను ఫోన్ చేసి చెబితే, "వైర్లు ఎలకలు కొరక్కుండా గొట్టాల్లో వేశారా?" అని మాత్రం అడిగారు.

ఆ ఏడు వానలు బాగా పడ్డాయి. బడి కప్పు కూలలేదు. పెచ్చు కూడా రాలలేదు. వానలు వెళ్లాక పై అంతస్తు తీసేయటానికి అనుమతి వచ్చింది. పగలగొట్టేటప్పుడు వెళ్లి నిలబడ్డాను. కొన్ని చువ్వలు తుప్పుతిని పెన్సిలంత సన్నబడ్డాయి. కొన్ని వేసిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. అక్కడ పనిచేస్తున్న మేస్త్రీల్లో ఒకడు, "ఇది ఇంకా కొన్నేళ్లు నిలిచేది మేడమ్," అన్నాడు. రెండోవాడు, "ఇన్నాళ్లు ఎలా నిలిచిందో!" అన్నాడు. ఇద్దరూ చేయితిరిగినవాళ్లే. వాళ్లిద్దరిలో ఎవరిది నిజమో నాకు ఇప్పటికీ తెలియదు.

కొత్తగా వచ్చేవాళ్లకు నేను చెప్పదలచింది ఇదే. డాక్టరు రోగం నయం చేస్తే రోగి లేచి నడుస్తాడు. వంతెన కడితే బండ్లు వెళతాయి. ప్రమాదాన్ని ముందే తప్పించామని మనం అనుకున్నప్పుడు మాత్రం చూపించటానికి ఏమీ ఉండదు. అనవసరంగా హడావుడి చేశారని అనేవాళ్లు ఉంటారు, వాళ్లకు బదులు చెప్పటానికి రుజువు దొరకదు. ఆ రెండు గదులను ఇవాళ మళ్లీ తట్టినా అదే రాస్తాను. కానీ మనుషులను ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చేటప్పుడు కప్పు ఒక్కటే చూస్తే సరిపోదని ఇప్పుడు తెలుసు. పాత చోట వాళ్లకేమేం ఉన్నాయో అడగాలి. వాళ్లు అడిగేదాంట్లో చాలావరకు మన చేతిలో ఉండదు. అయినా అడగాలి.

సుగుణ అడిగింది

మరుసటి ఏడు ఆ హాలులోనే టీకాలు వేయటం మొదలుపెట్టారు. కప్పు మీద ప్యానెళ్లు ఎలా పనిచేస్తున్నాయో చూడటానికి వెళ్లి, మెట్లు దిగుతుంటే వరసలో సుగుణ కనిపించింది. ముందు ఆమే గుర్తుపట్టింది.

"నువ్వు ఆ కప్పు మేడంవు గదా?"

అవునన్నాను. మల్లేశం సంగతి తెలిసిందని చెప్పి, ఎలా ఉన్నారని అడిగాను. పిల్లలు చదువుకుంటున్నారనీ, తాను చీరలకు రాళ్లు అంటించే పనిలో ఉన్నాననీ చెప్పింది. కొంచెంసేపు వరసతో పాటు నడిచాను.

"ఒక మాట అడుగుత, చెప్తవా అక్కా? ఆ బడి కప్పు కూలిందా?"

"లేదు. మేమే తీసేసినం."

"అంటే కూలలేదు."

"కూలలేదు."

"మరి ఆయనని అన్ని రోజులు ఆడనే ఉండనిస్తె ఏమయ్యేది?"

"ఏం కాకపోవచ్చు. కూలనూ వచ్చు. నాకు తెల్వదు సుగుణా. తెల్వకనే తీయించిన."

ఇంకా ఏదైనా చెబుతానేమోనని ఆమె చూసింది. వరస ముందుకు జరిగింది.

"నువ్వన్నది నిజమే కావచ్చు," అంది కాసేపటికి. "ఆ రెండు గదులల్ల ఇంక మస్తుమంది ఉండె. నాకైతే ఒక్క కిటికీ పోయింది."

ఆమె వంతు వచ్చింది, లోపలికి వెళ్లింది. నేను వెళ్లిపోవచ్చు, కానీ ఆమె వెనకే హాలులోకి వెళ్లాను. టీకా వేయించుకున్నాక కాసేపు హాలులోనే కూర్చోమంటారు. ఆమె టీకా వేసిన చేయి నొక్కుకుంటూ తెర వెనక నుంచి వచ్చి, వరసగా వేసిన కుర్చీల దగ్గర ఆగింది. కూర్చోబోతూ నా వైపు తిరిగింది.

"అక్కా, దీని మీద గన్ని అద్దాలు పెట్టిండ్రు. గీ కప్పు మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"నువ్వు చూసినవా?"

"నేనే చూసిన."

సుగుణ ఒకసారి తలెత్తి పైకి చూసింది. తరువాత కుర్చీ లాక్కుని కూర్చుంది.